శ్రావణమాసపు కామెర్లు

ఆ విశ్వవిద్యాలయంలో సమాన అవకాశాల విభాగం అంటే ఒక గది. పరిపాలనా భవనం వెనక, జనరేటరు పక్కన ఉంటుంది. రెండు బీరువాలు, ఒక కంప్యూటరు, సమ్మయ్య అనే సీనియర్ అసిస్టెంటు, ఆయన టిఫిన్ డబ్బా: ఇంతే ఆ విభాగం ఆస్తి. కవిత దానికి కోఆర్డినేటరుగా వచ్చి నాలుగేళ్ళయింది. ఆమె అసలు ఉద్యోగం స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పడం, అదీ కాంట్రాక్టు మీద. ఏటా సెప్టెంబరులో రెన్యువల్ కావాలి. విభాగం అప్పగించిన రోజు రిజిస్ట్రారు నవ్వుతూ, "మీరైతేనే బాగుంటుందమ్మా, మీవాళ్ళ సమస్యలు మీకే తెలుస్తాయి," అన్నాడు. మీవాళ్ళంటే ఎవరో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. మీటింగులో ఒక లంబాడీ ఆడమనిషి కుర్చీ మీద కనిపిస్తే ఆ ఫైలు సగం నిండినట్టేనని ఇద్దరికీ తెలుసు.

పని మాత్రం తక్కువేం కాదు. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడికి లైబ్రరీ మెట్ల పక్కన ర్యాంపు కట్టించాలి. కట్టిన ర్యాంపు మీద ఎవరో మోటారుసైకిళ్ళు పెడితే తీయించాలి. కోయ పిల్లలు వాళ్ళ భాషలో మాట్లాడుకుంటుంటే వెక్కిరించిన వాళ్ళను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాలి. ఏడాదికి నాలుగు అవగాహన సదస్సులు పెట్టాలి, వాటికి ఫొటోలు తీయాలి, ఫొటోల్లో వెనక వరుస ఖాళీగా కనిపించకుండా చూడాలి. కవిత ఇవన్నీ చేసేది. ఉత్సాహంతో ఉరకలు వేసే మనిషి కాదు గాని, చేతికిచ్చిన కాగితాన్ని పక్కన పడేసే మనిషి మాత్రం కాదు.

ఆమెది మణుగూరు దారిలో, గనుల మట్టిగుట్టలు కనిపించేంత దూరంలో ఉన్న తండా. తండ్రి పూల్‌సింగ్ బొగ్గు లారీ నడిపేవాడు. తల్లి హేమ్లికి చదువు రాకపోయినా కూతురి చదువు విషయంలో ఎవరి మాటా వినేది కాదు. ఒక్క తీజ్ విషయంలో మాత్రం చదువును కూడా పక్కకు జరుపుమనేది.

తీజ్ పెళ్ళికాని ఆడపిల్లల పండుగ. శ్రావణంలో వస్తుంది. ప్రతి పిల్లా ఒక బుట్టలో పుట్టమన్ను, ఎరువు కలిపి గోధుమలు చల్లుతుంది. తొమ్మిది రోజులు పూటపూటకూ నీళ్ళు తెచ్చి పాటలు పాడుతూ పోస్తుంది. ఉప్పూ కారం మానేస్తుంది. తన బుట్టకు తానే నీళ్ళు పోయాలి, అక్కకు చెల్లె పోయడం కుదరదు. తొమ్మిదో రోజు ఆ మొలకలను వాగులో కలిపేటప్పుడు పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తారు. ఇక ఎప్పుడు మొదలుపెట్టాలనేది ఏ తండాకు ఆ తండా పెద్ద, అంటే నాయక్, నిర్ణయిస్తాడు. ఈ తండాలో నేడు మొదలైతే పక్క తండాలో పది రోజుల తర్వాత కావచ్చు.

కాలేజీ పుస్తకంలో ఈ పండుగ లేదు. హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలన్న నియమం మాత్రం ఉంది. తగ్గితే పరీక్ష రాయనివ్వరు. మినహాయింపు ఒక్క జబ్బుకే దొరుకుతుంది, దానికి డాక్టరు చీటీ కావాలి. అందుకని కవిత డిగ్రీ చదివిన మూడేళ్ళూ హేమ్లి ఆమెను క్రాస్‌రోడ్డు దగ్గరి ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకుపోయి కామెర్లు అని రాయించింది. కామెర్లే ఎందుకంటే, మలేరియా అంటే ఆరోగ్య కార్యకర్తలు రక్తం తీసుకోవడానికి తండాకే వస్తారు. టైఫాయిడ్ అంటే ల్యాబ్ రిపోర్టు అడుగుతారు. కామెర్లకైతే ఆ చుట్టుపక్కల అందరూ పసరు మింగేవాళ్ళే. "పసరు మింగిన, పత్యం ఉన్న, తొమ్మిది రోజులకు తగ్గింది," అంటే రిపోర్టు ఏదని అడిగే మనిషి లేడు.

ఆ కిటుకు కవితతో మొదలు కాలేదు, కవితతో ఆగనూ లేదు. ఆమె కోఆర్డినేటరయిన మొదటి శ్రావణంలోనే ముగ్గురు పిల్లలు గదిలోకి వచ్చి, తీజ్‌కు పోతే హాజరు ఎట్లా అని అడిగారు. కవిత తలెత్తకుండానే, "జబ్బు చీటీ తెచ్చుకోండ్రి," అంది. ఆ ఏడు పదకొండు చీటీలు వచ్చాయి. పిల్లల మధ్య మాట పాకి, నాలుగో ఏటికి అవి నలభై ఒకటి అయ్యాయి. అన్నిటి మీదా కవిత సంతకం ఉంది.

ఆ ఏడే కొత్త వైస్‌ఛాన్సలర్ వచ్చాడు. మంచి మనిషి. చెడ్డ మనిషైతే ఏ గొడవా ఉండేది కాదు, సమాన అవకాశాల విభాగం పంపే వార్షిక నివేదికను చదివేవాడే కాదు. ఈయన చదివాడు. అందులో కవిత లెక్కల టీచరు పద్ధతిలో ముచ్చటగా గీసిన పట్టిక ఒకటి ఉంది. గైర్హాజరుకు కారణాలు, వర్గాలవారీగా, ఆడా మగా విడివిడిగా. నలభై ఒకటి అనే అంకె టైపు చేసేటప్పుడు ఆమె చేయి ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇన్నేళ్ళ అలవాటులో ఆ అబద్ధం ఆమెకు అబద్ధంలా కనిపించడం మానేసింది.

"నలభై ఒక్కమంది గిరిజన ఆడపిల్లలకు ఒకే నెలలో కామెర్లా!" అని వైస్‌ఛాన్సలర్ నిజంగా బాధపడ్డాడు. వారంలో కమిటీ వేశాడు. విద్యార్థినుల ఆరోగ్య రక్ష పేరుతో కార్యక్రమం పుట్టింది. ఎన్నేళ్ళుగానో అడుగుతున్న మంచినీళ్ళ ప్లాంటు ఆడపిల్లల హాస్టలుకు నెల తిరగకుండా వచ్చింది. ఫిబ్రవరిలో పిల్లలందరికీ రక్తపరీక్షలు చేశారు. అందరివీ మామూలుగానే ఉన్నాయి. అయితే ఇప్పుడు లేకపోయినా ఏటా శ్రావణంలో వస్తున్నది కనుక జాగ్రత్త అవసరమని కమిటీ రాసింది. జంతుశాస్త్రంలో ఒక ప్రొఫెసరు, ఋతువును బట్టి వచ్చే కామెర్ల మీద పరిశోధన చేస్తానని దరఖాస్తు పెట్టుకున్నాడు.

నీళ్ళ ప్లాంటు వచ్చిన రోజున కవితకు లోపల నవ్వు కూడా వచ్చింది. పోనీలే, అబద్ధమైతేనేం, పిల్లలు మంచినీళ్ళు తాగుతున్నారు కదా అనుకుంది. జూన్‌లో హాస్టలు తెరిచే ముందు కమిటీ నుంచి ఇంకో కాగితం వచ్చింది. కామెర్ల చరిత్ర ఉన్న విద్యార్థినులకు ముందుజాగ్రత్తగా విడి పళ్ళేలు, విడి గ్లాసులు. గుర్తు కోసం పళ్ళెం అంచుకు ఎర్ర రంగు. ఖర్చు సమాన అవకాశాల విభాగం నిధుల నుంచి. కవిత సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు ఏదో గుచ్చుకున్నట్టయింది గాని, పది కాగితాల్లో అదీ ఒకటి.

జూలైలో భాను వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం, కవిత వాళ్ళ పక్క తండా పిల్ల. మాట గట్టిగా ఉండే రకం. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడింది.

"మేడమ్, మా రూమోళ్ళు నా మంచం కిటికీ కాడికి జరిపిండ్రు. పచ్చడి సీసల నేను చెయ్యి పెడ్తే మూత పెడ్తున్నరు. మెస్సుల మా నలభై మందిని ఆఖరి వరుసల కూసోబెడ్తున్నరు. మొన్న ఒక పిల్ల వాళ్ళ అమ్మతోటి ఫోన్ల అంటున్నది, లంబాడోళ్ళకు అందరికి ఉంటదట గా రోగం అని."

కవిత పెన్ను కింద పెట్టింది. "వార్డెన్‌కు చెప్పినవా?"

"చెప్పిన. మీ మంచికే అన్నది. ఎర్ర పళ్ళెం ఆర్డరు మీ ఆఫీసు నుంచే వచ్చిందన్నది." భాను బల్ల దగ్గరికి జరిగింది. "మేడమ్, నాకు ఏ రోగం లేదు. ఈసారి నేను చీటీ తేను. తీజ్‌కు పోయిన అని రాసిస్త. డిటెయిన్ చేస్తే చెయ్యనీ."

"నువ్వు గట్ల రాస్తే పోయినేడుది కూడ బయటికొస్తది. నలభై ఒక్కమంది రిజల్ట్సు ఆపుతరు. వాళ్ళల్ల ముగ్గురికి పెండ్లి ఆపించి చదివిపిస్తున్నరు. ఒక్కేడు పోతే ఇండ్లల్ల మళ్ళ పంపరు."

"మరి నేనేం చెయ్యాలె అక్కా?" మేడమ్ పోయి అక్క వచ్చింది. "జబ్బు లేనిదాన్ని జబ్బు పళ్ళెంల ఎన్నొద్దులు తినాలె?"

భాను వెళ్ళిపోయాక కవితకు సిగ్గనిపించింది. ఎవరినీ విడిగా కూర్చోబెట్టకుండా చూడడానికే తనకు ఆ కుర్చీ ఇచ్చారు. పిల్లలను విడిగా కూర్చోబెట్టిన కాగితం మీద ఉన్నదేమో తన సంతకం. పక్కనే ఫైళ్ళు సర్దుతున్న సమ్మయ్య అంతా విన్నాడు. "పళ్ళేలు వాపసు తీసుకోవాలంటే జబ్బు లేదనాలె మేడమ్. జబ్బు లేదంటే చీటీ అబద్ధమనాలె," అన్నాడు. ఇరవై ఏళ్ళ నౌకరీలో ఆయనకు కాగితం ఎటు తిరిగి ఎక్కడికి వస్తుందో తెలుసు.

కవితకు ఒక ఉపాయం తోచింది. తండాలన్నీ తీజ్‌కు ఒకే తేదీ పెట్టుకుంటే, ఆ తొమ్మిది రోజులకు సెలవు అడగవచ్చు. ఆదివారం నాడు భాను తండాకు పోయి నాయక్ దేవ్‌సింగ్‌ను కలిసింది. డెబ్బై ఏళ్ళు దాటిన దేవ్‌సింగ్ మంచం మీద కూర్చుని అంతా విని నవ్వాడు.

"ఒక్కటే తారీఖా బిడ్డా? వాన పడాలె. నాట్లు అయిపోవాలె. తండల పీనుగ లేసి ఉండొద్దు. గవన్ని చూసుకొని పెద్దమనుషులం కూసొని పెడ్తం. మీ యూనివర్సిటీల వానకు కూడ తారీఖు పెడ్తరా ఏంది?"

"తేదీ లేకుంటే సెలవు ఇయ్యరు మామా."

"అయితే తేదీ నేను రాసిస్త. మా తండల ఫలానా దినం మొదలైంది, ఫలానా పిల్లలు బుట్ట పెట్టిండ్రు అని. సంతకం పెడ్త." అని, కొంచెం అనుమానంగా, "నా సంతకం అక్కడ చెల్తదా?" అని అడిగాడు.

కవిత చెల్లుతుందని చెప్పింది. చెల్లుతుందో లేదో ఆమెకూ తెలియదు. పొరుగూరి డాక్టరు పిల్ల నాడి చూడకుండా రాసిన చీటీ చెల్లుతున్నప్పుడు, పిల్లను పుట్టినప్పటి నుంచి ఎరిగిన నాయక్ రాసింది ఎందుకు చెల్లకూడదు అనుకుంది. అట్లా పదమూడు తండాలు తిరిగి, తేదీ ఖాయమయ్యాక రాసిస్తామన్న ఒప్పుకోలు కాగితాలు తెచ్చింది. వాటితో ఒక ప్రతిపాదన రాసి రిజిస్ట్రారు ముందు పెట్టింది.

ఆయన ఓపిగ్గా చదివి కాగితాలు తిరిగిచ్చాడు. "బాగుందమ్మా. కానీ ఇప్పుడు కాదు. వచ్చే వారం పైనుంచి పరిశీలన బృందం వస్తున్నది. మనం చూపించేదే ఈ ఆరోగ్య కార్యక్రమం. సెలవు పండుగకని ఒప్పుకుంటే, పోయినేడు చీటీలు ఏమిటని అడుగుతారు. ఆ పిల్లల రిజల్ట్సు నేనే ఆపాల్సి వస్తుంది. మీ రెన్యువల్ కూడా సెప్టెంబరులోనే కదా." బెదిరించినట్టు కూడా అనలేదు. వర్షం వచ్చేలా ఉంది గొడుగు తీసుకెళ్ళమన్నట్టు అన్నాడు.

భర్త చందూలాల్ ఓపెన్‌కాస్ట్ గనిలో డంపరు నడుపుతాడు, అతనిదీ కాంట్రాక్టు కొలువే. విషయం చెబితే, "సెప్టెంబరు దాటేదాక ఆగరాదు?" అన్నాడు. సెప్టెంబరు దాటేసరికి తీజ్ అయిపోతుంది, ఇంకో నలభై చీటీలు వస్తాయి, వాటి మీదా తనే సంతకం పెట్టాలి. కవితకు ఈ లెక్క తెలుసు. ఆమెకు భయంగా ఉంది. ఇంటి కిరాయి, పాప స్కూలు, అన్నీ ఆ జీతం మీదే నడుస్తున్నాయి.

బృందం వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనం ఆడపిల్లల హాస్టలు మెస్సులోనే పెట్టారు. పిల్లలతో కలిసి తినడం బాగుంటుందని వైస్‌ఛాన్సలర్ ఆలోచన. వచ్చినవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఒక పెద్దావిడ బల్ల మీది రెండు పళ్ళేల దొంతులు చూసి, ఆ ఎర్ర అంచు ఏమిటని అడిగింది. వైస్‌ఛాన్సలర్ సంతోషంగా కామెర్ల సంగతి, నీళ్ళ ప్లాంటు, జాగ్రత్తలు వివరించాడు. ఆవిడ మెచ్చుకోలుగా తలూపి పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆఖరి వరుసలో కూర్చున్న పిల్లలు తల వంచుకుని తింటున్నారు. భాను మాత్రం తినడం ఆపి ఇటే చూస్తున్నది.

వడ్డించే బతుకమ్మ అతిథులకు మామూలు పళ్ళేలు ఇస్తూ కవిత దాకా వచ్చింది. కవిత ఆ పళ్ళెం పక్కన పెట్టి, ఎర్ర అంచుది ఒకటి తీసుకుంది.

"కవిత గారూ, అది కాదు, ఇటువైపువి," అన్నాడు రిజిస్ట్రారు.

"ఇదే సార్. నాకు కూడ కామెర్లు వచ్చినయి. డిగ్రీల మూడేండ్లు, మూడుసార్లు. అన్నీ శ్రావణంలనే."

పెద్దావిడ జాలిగా చూసింది. "అయ్యో, మూడుసార్లా? మందులు వాడారా?"

"లేదండి. తీజ్‌కు పోయిన." కవిత పళ్ళెం బల్ల మీద పెట్టింది. "మా తండల తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్ళు పోస్తం. దానికి సెలవు లేదు. జబ్బుకే ఉన్నది. అందుకని జబ్బు రాయించుకునేటోళ్ళం. ఈ పిల్లలు కూడ అంతే. వీళ్ళకు ఏ రోగం లేదు, ఎప్పుడూ లేకుండె."

వైస్‌ఛాన్సలర్ ముఖం ఎర్రబడింది. "ఈ చీటీలన్నీ అబద్ధాలని మీకు తెలుసా?"

"అవ్ సార్. నేనే తెచ్చుకోమన్న. నాలుగేండ్ల సంది సంతకం పెడ్తున్న. పిల్లలు ఆఫీసు చెప్పినట్టు చేసిండ్రు, తప్పు ఆఫీసుది. అంటే నాది." సంచిలోంచి నాయక్‌లు రాసిన కాగితాలు తీసి ఆయన ముందు పెట్టింది. "ఇక మీదట డాక్టరు చీటీ బదులు మా నాయక్‌లు రాసిచ్చేది తీసుకోండి సార్. వీటిల్ల అబద్ధం ఉండదు."

"ఏడాదిగా నన్ను వెర్రివాణ్ణి చేశారు," అన్నాడాయన. ఆ మాటలో కోపం కంటే నొప్పి ఎక్కువుంది. ఆ నొప్పి న్యాయమైనదేనని కవితకు అనిపించింది. క్షమించమని అడిగింది. ఆయన కాగితాలు మాత్రం తీసుకున్నాడు.

తర్వాత జరగాల్సినవన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగాయి. జంతుశాస్త్ర ప్రొఫెసరు దరఖాస్తు వెనక్కి వచ్చింది, ఆయన కవితతో మాట్లాడడం మానేశాడు. ఎర్ర అంచు పళ్ళేలు స్టోరుకు పోయాయి. వైస్‌ఛాన్సలర్ పది రోజులు ఆలోచించి రెండు ఉత్తర్వులు ఇచ్చాడు. మొదటిది, పోయినేటి చీటీల విషయంలో విద్యార్థినుల తప్పు లేదు, ఫలితాల జోలికి పోకూడదు. రెండోది, తీజ్‌కు నాయక్ సంతకంతో వచ్చే కాగితం మీద తొమ్మిది రోజుల హాజరు ఇవ్వాలి. ఆ శ్రావణంలోనే భాను దేవ్‌సింగ్ రాసిచ్చిన కాగితం తెచ్చి సమ్మయ్య చేతికిచ్చింది. సంతకం పక్కన ఆయన వేలిముద్ర కూడా వేశాడు, ఎందుకైనా మంచిదని. సమ్మయ్య దాన్ని రెండుసార్లు చదివి, చెల్లుతుందని చెప్పాడు.

కవిత మీద మూడో ఉత్తర్వు రాలేదు. దాని బదులు సెప్టెంబరు మొదటి వారంలో రిజిస్ట్రారు కవితను పిలిచి, కుర్చీ చూపించి, టీ తెప్పించాడు.

"రెన్యువల్ కష్టమమ్మా. తెలిసి సంతకాలు పెట్టానని అందరి ముందూ చెప్పారు. ఫైలులో దాన్ని దాటి పోలేను. తీసేశామని రాస్తే మీకెక్కడా ఉద్యోగం రాదు. అందుకని మీరే రాజీనామా ఇవ్వండి. అనుభవ పత్రంలో ఒక్క మాట కూడా మీకు వ్యతిరేకంగా పడకుండా నేను చూస్తాను."

"కారణం ఏం రాయాలె సార్?"

ఆయన తెల్లకాగితం ఆమె వైపు జరిపాడు. "అనారోగ్యం అని రాయండి. అదైతే ఎవరూ ఏమీ అడగరు. కావాలంటే డాక్టరు చీటీ నేనే ఇప్పిస్తాను."

ఆయన ముఖంలో వెటకారం లేదు. నిజంగా మేలు చేయాలనే అంటున్నాడు. కవితకు ఏడవాలనిపించింది, నవ్వాలనిపించింది, రెండూ చేయలేదు. కాగితం దగ్గరికి లాక్కుని, తేదీ వేసి, రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి ఆయన ముందుకు జరిపింది.

రిజిస్ట్రారు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ రెండు వాక్యాలూ చదివాడు: నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నాను. ఉద్యోగం నుంచి తప్పుకుంటున్నాను.

"ఇదేంటమ్మా, ఇట్లా రాస్తే కారణం లేనట్టవుతుంది," అన్నాడు.

"కారణం మీ ఫైల్ల ఉన్నది సార్," అని కవిత టీ తాగకుండానే లేచింది.